మోతకు సంతకం ఉండదు

నా చిన్ననాట మా ఇంట్లో రెండు మోతలుండేవి. ఒకటి, వీధి చివరి కార్ఖానా నుంచి రాత్రింబవళ్ళు వినవచ్చే సాంచాల మోత. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకొని సూరత్ చేరిన నేత కుటుంబాలు మా పేటలో ఎన్నో ఉండేవి. మాదీ అందులో ఒకటి. రెండవది, రేడియో మోత. పన్నెండు గంటల షిఫ్టు ముగించుకొని వచ్చిన మా నాయన స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని, కిటికీలోంచి కరెంటు స్తంభం వైపు లాగిన ఏరియల్ తీగను ఒకసారి సర్ది, రేడియో ముందు కూర్చునేవారు. సూరత్‌లో తెలుగు మాట కావాలంటే అప్పట్లో దాన్ని ఆకాశంలోంచి పట్టుకోవలసిందే. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, కొలంబో నుంచి తెలుగు పాటలు, అదృష్టం బాగుంటే మాస్కో నుంచి కూడా తెలుగు.

షార్ట్‌వేవ్ మీద స్టేషను పట్టడం దారపు కండె చిక్కు విప్పడం వంటిది. ముల్లును వెంట్రుకవాసి కదిపితే చాలు, మాట పోయి మోత వస్తుంది. ఒకచోట ఈల, ఒకచోట గరగర, మరొకచోట కొలిమితిత్తి ఊదుతున్నట్లు ఎడతెగని హోరు. ఆ హోరు వచ్చిన చోట నేను విసుక్కుంటే నాయన నవ్వి, "తొందరపడకు కొడుకా. మోత ఎంతసేపుంటది? మాట ఆడనే ఉంటది" అనేవారు.

ఆ మోతలన్నీ వాతావరణం చేసేవేనని మేమనుకునేవాళ్ళం. ఉరుములు, మెరుపులు, దూరాభారం. వాటిలో కొన్ని మనుషులు పనిగట్టుకొని పుట్టించినవనీ, అందుకోసం జీతాలు తీసుకునే ఉద్యోగులు, పెద్ద పెద్ద యంత్రాలు ఉండేవనీ ఎన్నో ఏళ్ళ తరువాత, అనువాదం కోసం చేతికి వచ్చిన ఒక వ్యాసంలో చదివాను. ఆ పనికి జామింగ్ అని పేరు. ఆ కథలో మన దేశపు అధ్యాయం మా సూరత్ పొలిమేరల్లో పుట్టిన ఒక అమ్మాయిదని తెలిసినప్పుడు మాత్రం నా ఆశ్చర్యానికి అంతులేదు.

* * *

ఆమె ఉషా మెహతా. సూరత్‌కు సమీపాన సరస్ అనే గ్రామంలో 1920 మార్చి 25న జన్మించింది. ఎనిమిదేళ్ళ ప్రాయంలో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా పిల్లలు జరిపిన ఊరేగింపులో నడిచింది. పోలీసుల దెబ్బలకు ఒక బాలిక చేతిలోని జెండాతో సహా నేల కూలితే, ఆ పిల్లలు త్రివర్ణపు బట్టలు కుట్టించుకొని, తామే జెండాలై మళ్ళీ వీధిలోకి వచ్చారట. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వంలో న్యాయాధికారి. కూతురు ఉద్యమం వైపు మొగ్గడం ఆయనకు మొదట ఇబ్బందిగానే ఉండేది. ఆయన 1930లో పదవీ విరమణ చేయడంతో ఆ అడ్డు తొలగింది. రెండేళ్ళకు కుటుంబం బొంబాయికి మారింది.

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం జరిగింది. మరునాడు తెల్లవారేసరికి గాంధీజీతో సహా అగ్రనాయకులందరూ నిర్బంధంలో ఉన్నారు. పత్రికల మీద సెన్సారు. ఏ ఊళ్ళో ఏమి జరుగుతున్నదో పక్క ఊరికి తెలియదు. నాయకులు లేరు, వార్తలు లేవు, మిగిలింది పుకార్లు. ఇరవై రెండేళ్ళ ఉష, ఆమె మిత్రులు విఠల్‌దాస్ ఖాకర్, చంద్రకాంత్ ఝవేరీ, విఠల్‌దాస్ ఝవేరీ ప్రభృతులు ఈ లోటును గ్రహించారు. ఆగస్టు 27న 42.34 మీటర్ల మీద ఒక కొత్త గొంతు వినిపించింది. ఇది కాంగ్రెస్ రేడియో అనీ, భారతదేశంలో ఎక్కడి నుంచో మాట్లాడుతున్నామనీ ఆ గొంతు ప్రకటించింది.

"ఎక్కడి నుంచో" అన్న ఆ మాట వెనుక ఎంతో తిప్పట ఉన్నది. ప్రసార యంత్రం ఒకచోట ఎక్కువకాలం ఉంటే పోలీసులు దాని జాడ పసిగడతారు. అందుచేత దాన్ని బొంబాయిలో ఇంటి నుంచి ఇంటికి మోసుకు తిరిగారు. రామమనోహర్ లోహియా, అచ్యుత్ పట్వర్ధన్ వంటి అజ్ఞాత నాయకులు వారికి తోడు నిలిచారు. చిట్టగాంగ్ మీద బాంబులు పడిన వార్త, జంషెడ్‌పూర్ కార్మికుల సమ్మె, ఆష్టి, చిమూర్ గ్రామాలలో జరిగిన అత్యాచారాలు, ఇలా పత్రికలు అచ్చువేయ సాహసించని సంగతులను ఆ రేడియో బయటపెట్టింది.

ప్రభుత్వం ఊరకున్నదా? ఒక పక్క జాడ తీసే బండ్లు వీధులు గాలిస్తుండగా, మరొక పక్క ఆలిండియా రేడియో ఆ ప్రసారాల మీద మోత కుమ్మరించింది. ఆలిండియా రేడియో పేరులోని ఆంగ్ల పొడి అక్షరాలు మూడింటిని విడదీసి, కాంగ్రెస్ రేడియో బృందం దానికి "యాంటీ ఇండియా రేడియో" అని ముద్దుపేరు పెట్టింది.

* * *

ఈ మోత కుమ్మరించడమంటే ఏమిటో ఒకసారి చూద్దాం. మధ్యతరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకొని కొంతదూరం పోయి సొమ్మసిల్లుతాయి. హ్రస్వతరంగాల దారి వేరు. అవి పైకెగసి, ఐనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొరను తాకి, గోడకు కొట్టిన బంతిలా తిరిగి నేలకు వస్తాయి. అందువల్ల అవి వేల మైళ్ళు పోగలవు. కొండలు, సముద్రాలు, సరిహద్దు తనిఖీలు వాటికి అడ్డురావు. ప్రభుత్వాలకు వాటి మీద కోపం రావడానికి కారణం ఇదే. పుస్తకాన్ని సుంకం నాకాలో ఆపవచ్చు, పత్రికను ముద్రణాలయంలో ఆపవచ్చు, తరంగాన్ని ఆపే నాకా లేదు.

ఆపలేరు గాని, ముంచివేయగలరు. ఏ తరంగం మీద మాట వస్తున్నదో సరిగ్గా అదే తరంగం మీద అంతకంటె బలమైన హోరును పంపితే, పాపం రేడియో పెట్టెకు ఏది మాటో ఏది మోతో తెలియదు. రెండింటినీ కలిపి మన చెవిన వేస్తుంది. ఇందులోనూ రెండు పద్ధతులున్నాయి. దూరాన ఉన్న కేంద్రం నుంచి ఆకాశమార్గాన హోరు పంపి ఒక ప్రాంతమంతటినీ కప్పడం ఒకటి. ఊరి నడుమ చిన్న యంత్రం పెట్టి ఆ ఊరి వరకే కప్పడం రెండవది. రెండవ పద్ధతి గట్టిదే గాని, ఊరు దాటితే పనిచేయదు.

కాంగ్రెస్ రేడియోను చివరకు ఆపింది మోత కాదు. ఆ బృందానికి పనిచేసిన ఒక సాంకేతిక నిపుణుడు పోలీసులకు చిక్కి గుట్టు విప్పాడు. 1942 నవంబరు 12 రాత్రి, దాడి తప్పదని తెలిసి కూడా, ఉషా మెహతా గిర్గాంలోని పారేఖ్ వాడికి వెళ్ళి ప్రసారం కొనసాగించింది. పోలీసులు తలుపులు బద్దలు కొట్టుకొని లోపలికి వచ్చేసరికి వందేమాతరం రికార్డు తిరుగుతున్నది. ఆపమన్నారు. ఆపలేదు.

ఇక్కడ కథ ఒక వింత మలుపు తిరిగింది. రెండున్నర నెలలపాటు ఆ గొంతు ఎవరికీ వినబడకూడదని పాటుపడిన ప్రభుత్వమే ఇప్పుడు ఆ గొంతు విప్పించడానికి ఆరు నెలలు తంటాలు పడింది. ఒంటరి నిర్బంధంలో ఉంచి ప్రశ్నించారు. ఉద్యమం గుట్టు చెబితే విదేశాలలో చదివిస్తామని ఆశ చూపారు. ఆమె పెదవి కదపలేదు. విచారణ సమయంలో న్యాయమూర్తిని ఒకే ఒక సందేహం అడిగింది. ప్రశ్నలకు జవాబు చెప్పడం తప్పనిసరా అని. తప్పనిసరి కాదని ఆయన అనగానే, తనను తాను కాపాడుకోవడానికైనా సరే ఏ ప్రశ్నకూ జవాబు చెప్పనని తేల్చివేసింది. ఆమెకు నాలుగేళ్ళు, ఖాకర్‌కు అయిదేళ్ళు, చంద్రకాంత్ ఝవేరీకి ఒక ఏడాది శిక్ష పడింది. 1946లో ఆమె విడుదలైంది.

మాట్లాడవలసిన చోట మాట్లాడటం, మౌనం వహించవలసిన చోట మౌనం వహించడం, రెండూ ఆమె తన ఇష్టంతో చేసింది. ఆ ఎంపిక తనదేనని చూపినందుకే నాలుగేళ్ళు.

* * *

స్వతంత్రం వచ్చింది గనుక ఈ కథ ముగిసిందనుకోరాదు. యుద్ధం ముగిసిన తరువాతనే ప్రపంచంలో జామింగ్ ఒక పెద్ద పరిశ్రమగా పెరిగింది. సోవియట్ యూనియన్ 1948లో వాయిస్ ఆఫ్ అమెరికా రష్యన్ ప్రసారాల మీద, మరుసటి ఏడు బి.బి.సి. రష్యన్ ప్రసారాల మీద మోత ప్రారంభించింది. ఆ మోత చరిత్ర రాస్తే అది ఆ దేశపు భయాల చరిత్ర అవుతుంది. 1963లో వాతావరణం చల్లబడగానే ఆపారు. 1968 ఆగస్టులో చెకోస్లోవేకియాలోకి సేనలు నడిపించిన నాడు మళ్ళీ మొదలుపెట్టారు. 1973లో ఆపారు. 1980 ఆగస్టులో పోలండ్ కార్మికులు సమ్మె కట్టగానే తిరిగి మొదలుపెట్టారు. 1987 జనవరిలో బి.బి.సి. మీద, మే నెలలో వాయిస్ ఆఫ్ అమెరికా మీద ఆ హోరు ఆగింది. 1953లో పుట్టిన నాటి నుంచి ఒక్కరోజు కూడా సాఫీగా వినబడనివ్వని రేడియో లిబర్టీకి మాత్రం 1988 నవంబరు దాకా విముక్తి కలుగలేదు.

జనం ఊరుకున్నారా అంటే లేదు. నగరం నడుమ పెట్టిన మోతయంత్రం ఊరు దాటితే పనిచేయదని చెప్పాను కదా, మాస్కోవాసులు సెలవు దినాల్లో పల్లెటూరి కుటీరాలకు పోయి అక్కడ విన్నారు. కొట్టులో అమ్మే రేడియోలలో 25 మీటర్లకు లోపలి తరంగాలు పట్టే ఏర్పాటు ఉండేది కాదు. చేతిపని తెలిసినవారు పెట్టె విప్పి తీగచుట్టలు మార్చుకున్నారు. 1956 జూన్ 28న పోలండ్‌లోని పోజ్నాన్ నగరంలో కూలి చాలడం లేదని వీధిలోకి వచ్చిన కార్మికులు, ఒక ప్రభుత్వ భవనం పైకెక్కి అక్కడి మోతయంత్రాలను కిందికి విసిరి పగులగొట్టారు. వారు అడగడానికి వచ్చింది రొట్టె. కాని చేతికి అందిన మొదటి అవకాశంలో వారు పగులగొట్టినది మోతను. ఆ ఏడు ముగియకముందే పోలండ్ ప్రభుత్వం తన జామింగ్‌ను విరమించుకొన్నది.

ఈ సంగతులు చదువుతున్నప్పుడు నాకు మా ఇంటి రేడియో గుర్తుకు వచ్చింది. ఏ మాస్కో నుంచి చక్కని తెలుగు మాట మా నాయన చెవిని సోకిందో, ఆ మాస్కోయే ఆ వేళ తన ప్రజల చెవుల్లో హోరు పోస్తున్నది. నల్లగొండ నేతగాడు సూరత్‌లో కూర్చొని ప్రపంచంలో ఎవరి మాటనైనా వినవచ్చు. మాస్కో నేతగాడు వినరాదు. మా నాయనకు చదువు నాలుగవ తరగతి. ఆయన ఢిల్లీ విన్నారు, మాస్కో విన్నారు, నమ్మవలసింది నమ్మి తక్కింది నవ్వి వదిలేశారు. ఆ పాటి తెలివి రష్యన్ కార్మికుడికి లేదని అక్కడి ప్రభుత్వం తీర్మానించింది.

* * *

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. ఆకాశంలో పోయే ప్రతి మాటా మంచిదేనా? విషపు మాటను ఆపనక్కరలేదా?

1994లో ర్వాండాలో ఒక రేడియో టుట్సీ జాతివారిని చంపమని వినోదగీతాల నడుమ పురికొల్పింది. పేర్లు, చిరునామాలు కూడా చదివింది. ఏప్రిల్ నుంచి జులై వరకు లక్షలాది మంది హతులయ్యారు. ఆ ప్రసారాలను అడ్డుకోమని అక్కడి ఐక్యరాజ్యసమితి సేనాధిపతి రోమియో డాలేర్ వేడుకొన్నారు. అమెరికా అధికారులు ఆలోచించి, ఖర్చు ఎక్కువనీ, అంతర్జాతీయ నియమాలు ఒప్పుకోవనీ కూర్చున్నారు. ఆ రేడియో స్థాపకులలో ఇద్దరికి 2003లో అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ శిక్ష విధించింది. కాని చచ్చినవారు తిరిగిరారు. మోత పుట్టించవలసిన రోజు ఏదైనా ఉన్నదంటే అది ఆ రోజే. దాన్ని నేను కాదనలేను.

అందుచేత జామింగ్ ఎన్నడూ కూడదని వాదించడం నా ఉద్దేశం కాదు. నా అభ్యంతరం వేరు. పుస్తకాన్ని నిషేధించిన ప్రభుత్వం ఒక ఉత్తర్వు జారీ చేస్తుంది. దానికి తేదీ ఉంటుంది, కారణం ఉంటుంది, కింద ఒక అధికారి సంతకం ఉంటుంది. దాన్ని పట్టుకొని కోర్టుకు పోవచ్చు. మోతకు సంతకం ఉండదు. వినేవాడికి అది ఉరుమో, యంత్రమో, తన రేడియో పాడైందో తెలియదు. తనకు ఏమి అందకుండా పోయిందో తెలియదు గనుక, అడగవలసింది ఏమిటో కూడా తెలియదు. ఈ ఏర్పాటులో మరొక అన్యాయమున్నది. మోత పెట్టే ఉద్యోగి ఆ మాటను ముందుగా తాను విని తీరాలి. వినకుండా మోత ఎక్కడ పెట్టాలో తెలియదు. అంటే మాట చెడ్డదా మంచిదా అని తీర్పు చెప్పే హక్కు అతనికి ఉన్నది. ఎవరిని ఉద్దేశించి ఆ మాట బయలుదేరిందో వారికి మాత్రం లేదు.

నా వృత్తి అనువాదం. ఒకరి మాటను మరొకరికి చేర్చడం నా జీవనోపాధి. నచ్చని రచనలు కూడా అనువదించాను. నాకు నచ్చలేదు గనుక వాక్యాల నడుమ బురద చల్లి పాఠకుడికిస్తానంటే నా చేతికి ఎవరూ పని ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా.

* * *

షార్ట్‌వేవ్ రోజులు దాదాపు గతించాయి. కాని మోత గతించలేదు, రూపు మార్చుకొన్నది. 2015 ఆగస్టు 25న అహమ్మదాబాదులో పాటీదార్ల సభ అనంతరం అల్లర్లు చెలరేగినప్పుడు, సూరత్‌తో సహా గుజరాత్‌లో మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేశారు. మా పేటలో ఆ ఉదయం అందరూ చేసిన మొదటి పని ఫోను ఆర్పి వెలిగించడం. తమ ఫోనే చెడిందనుకొన్నారు. ఊరి నుంచి అక్కాచెల్లెళ్ళు, మేనమామలు వాట్సాప్‌లో అడుగుతున్న క్షేమసమాచారాలకు జవాబు పోలేదు. పక్క వీధిలో ఏమి జరిగిందన్న ప్రశ్నకు పుకారు తప్ప జవాబు రాలేదు. 1942 ఆగస్టులో బొంబాయి అనుభవించింది ఇటువంటిదే అయి ఉంటుందని నాకు తోచింది.

అల్లరిమూకలు సందేశాలతో కూడుతున్నప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకొని కూర్చోవాలా అంటే, వద్దు. ఆనాటి చర్యను ప్రశ్నిస్తూ దాఖలైన వ్యాజ్యాన్ని గుజరాత్ హైకోర్టు ఆ సెప్టెంబరులోనే కొట్టివేసింది కూడా. అయితే 2020 జనవరి 10న, కాశ్మీరు విషయమై అనురాధా భాసిన్ వేసిన దావాలో సుప్రీంకోర్టు ఒక మెలిక పెట్టింది. ఇంటర్నెట్ ఆపేటట్లయితే ఆ ఉత్తర్వులను ప్రకటించాలి, గడువు లేకుండా ఆపరాదు, ఎప్పటికప్పుడు సమీక్షించాలి అని. తీర్పు అమలులో ఎన్ని లొసుగులున్నా, దాని సారాంశం నాకు సబబుగా కనిపిస్తున్నది. మోతకు సంతకం కావాలని న్యాయస్థానం అన్నది. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఎంతకాలం ఆపుతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసి కింద పేరు పెట్టే ధైర్యమున్న ప్రభుత్వం, నిజంగా ఆపవలసిన వాటినే ఆపుతుంది. పేరు పెట్టడానికి జంకే ప్రభుత్వం తన సౌకర్యం కోసం ఆపుతుంది.

ఉషా మెహతా చెరసాల నుంచి వచ్చి, గాంధీజీ ఆలోచనల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొంది, బొంబాయి విల్సన్ కళాశాలలో దాదాపు మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పింది. 1998లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. 2000 సంవత్సరం ఆగస్టులో, జ్వరం ఉన్నా లెక్కచేయక, ఆగస్టు క్రాంతి మైదానంలో జరిగిన క్విట్ ఇండియా వార్షికోత్సవానికి వెళ్ళివచ్చింది. రెండు రోజులకు, ఆగస్టు 11న, కన్నుమూసింది.

మా నాయన రేడియో ఇప్పుడు మా ఇంట్లో అటక మీద ఉన్నది. ఈ వ్యాసం మొదలుపెట్టిన రాత్రి దాన్ని దించి, దుమ్ము దులిపి, ఏరియల్ తీగ తగిలించి ముల్లు తిప్పాను. ఒకప్పుడు ఢిల్లీ, కొలంబో, మాస్కో పలికిన చోట్ల ఉత్త గరగర. అది వాతావరణమా, ఎవరైనా చేస్తున్నదా అని అలవాటు కొద్దీ కాసేపు చెవి ఒగ్గాను. మోత పోతే మాట అక్కడే ఉంటుందని నాయన అనేవారు. ఉంటుంది నిజమే. కాని అది మోత పోయేదాకా ఓపికగా కూర్చునే శ్రోత ఉన్నంతవరకే. వీధి చివర సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. నేను ముల్లును ఇంకొంచెం పక్కకు తిప్పాను.